స్లాటు లేని రోజులను మా ఖాతాలో వేయకండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ ఉన్నతాధికారులకు,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా కమిషనర్లకు,

నమస్కారం.

నేను కారు నడపడం నేర్పి బతికేవాణ్ణి. పక్క సీట్లో కూర్చుని, కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని, స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల భయాన్ని పొద్దుటి నుంచి రాత్రి దాకా చూసే పని. మీ డ్రైవింగ్ టెస్టు ట్రాకుల దగ్గర క్యూలో నిలబడేవాళ్లలో చాలామంది మా లాంటి స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది మీకు ఉత్తరం రాయరు. టెస్టు పాసైపోతే చాలు, ఆ ఆఫీసు మొహం మళ్లీ చూడకూడదనుకుంటారు. అందుకే నేను రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. ఎల్‌ఎల్‌ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్స్‌కు, మీరు పెట్టిన ఆరు నెలల గడువులో, టెస్టుకు స్లాటు దొరక్క ఎదురుచూసిన రోజుల్ని కలపకండి. నేర్చుకోవడానికి ఆరు నెలలంటే ఒప్పుకుంటాం. నేర్చుకున్నాక మీ కోసం కాచుకున్న రోజులు కూడా మావే అంటే మాత్రం ఒప్పుకోలేం.

మీకు తెలియనిది కాదు కానీ, ఇది చదివే మామూలు జనం కోసం రూలు చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 14 ప్రకారం లెర్నర్ లైసెన్స్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలే చెల్లుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని రూల్ 15 ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్ చేతికొచ్చి కనీసం 30 రోజులు నిండాకే డ్రైవింగ్ టెస్టుకు హాజరు కావాలి. అంటే అసలు చేతిలో ఉండేది ఐదు నెలలు. రోజూ క్లాసుకు వచ్చేవాళ్లకు ఇది సరిపోయే సమయమే. నెలలో బండి చేతికి వచ్చేస్తుంది, ఇంకో నెల ట్రాఫిక్‌లో తిప్పితే ధైర్యం వస్తుంది.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఫెయిలైనప్పుడు. సెక్షన్ 9 ప్రకారం టెస్టు తప్పితే మళ్లీ హాజరు కావడానికి ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు తప్పితే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత ఆ మూడుసార్లు తప్పినవాళ్లు డ్రైవింగ్ స్కూల్లో అదనపు శిక్షణ కూడా పూర్తిచేయాలి. ఇవేవీ తప్పు రూళ్లు కావు. మూడుసార్లు ఫెయిలైనవాణ్ణి మర్నాడే మళ్లీ ట్రాకెక్కించమని ఏ మాస్టరూ అడగడు. కానీ ఈ రూళ్లను ఆరు నెలల గడువు పక్కన పెట్టి ఎవరైనా ఎప్పుడైనా కూడి చూశారా?

నేను కూడి చూశాను. ముప్పయ్యో రోజున దరఖాస్తు పెట్టాడనుకుందాం. స్లాటు 25 రోజుల తర్వాత దొరికింది. అంటే 55వ రోజు టెస్టు. తప్పాడు. ఏడు రోజులు ఆగాడు, మళ్లీ స్లాటుకు 25 రోజులు పట్టింది. 87వ రోజు రెండో టెస్టు. అదీ తప్పితే అదే లెక్కన 119వ రోజు మూడోది. అదీ పోతే 60 రోజుల ఎడం, వచ్చేది 179వ రోజు. ఆరు నెలలంటే అటూ ఇటుగా 182 రోజులు. మిగిలిన ఆ రెండు మూడు రోజుల్లో నాలుగో స్లాటు దొరకదు. చట్టం నాలుగో అవకాశం ఇచ్చింది, అదే చట్టం దాన్ని వాడుకునే వీలు లేకుండా చేసింది. ఇక్కడ 25 రోజులన్నది నేను ఉదాహరణకు వేసుకున్నదే. అది 40 అయితే మూడో టెస్టు 164వ రోజుకు పోతుంది, నాలుగోదాని మాట ఎత్తనే అక్కర్లేదు. స్లాటు వారంలో దొరికే చోట ఈ గొడవే లేదు. అంటే ఒకే దేశంలో, ఒకే చట్టం కింద, ఒకరికి నాలుగు అవకాశాలు, ఇంకొకరికి మూడే. తేడా వాళ్ల డ్రైవింగ్‌లో లేదు, వాళ్లుండే చోట అధికారులు ఎంతమంది ఉన్నారన్న దానిలో ఉంది.

ఫెయిలైనవాళ్ల సంగతి అలా ఉంచండి. ఒక్కసారి కూడా ఫెయిల్ కాకుండానే గడువు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మా దగ్గర నేర్చుకున్న ఒకావిడ ఆసుపత్రిలో నర్సు. వారం పగటి డ్యూటీ, వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చేది, కళ్లు మండుతున్నా అద్దాలు చూడటం మాత్రం మరిచేది కాదు. నేను నేర్పినవాళ్లలో రివర్స్ అంత నిదానంగా, అంత తిన్నగా తీసేవాళ్లు తక్కువ. డ్యూటీ లేని రోజు, స్లాటు ఉన్న రోజు ఒకటిగా కుదరడానికి చాలా వారాలు పట్టింది. చివరికి కుదిరింది. ఆ రోజు ట్రాకు మరమ్మతు అని బోర్డు పెట్టారు. ఏ ఆఫీసో రాయను, అది ఎక్కడైనా జరిగేదే. కొత్త తేదీ తీసుకోమన్నారు. దొరికిన తేదీ ఆమె ఎల్‌ఎల్‌ఆర్ గడువు దాటాక ఉంది. "మాస్టారూ, నేనేం తప్పు చేశాను?" అని అడిగింది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అలా పోగొట్టుకున్నవాళ్లు ఏం చేయాలి? మళ్లీ దరఖాస్తు, మళ్లీ కంప్యూటర్ ముందు పరీక్ష, మళ్లీ 30 రోజుల నిరీక్షణ. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్స్‌కు ఒక్కో రకం వాహనానికి 150 రూపాయలు, ఆ పరీక్షకు 50, డ్రైవింగ్ టెస్టుకు ఒక్కో రకానికి 300. బైకు, కారు రెండూ రాసినవాళ్లకు ఆ 150, 300 రెండింతలు. పైన రాష్ట్రాల సర్వీసు ఛార్జీలు, ఏజెంట్ పట్టుకుంటే అతని లెక్క వేరు. డబ్బు కంటే పోయేది సెలవు. రోజు కూలీ మీద బతికేవాడికి ఆఫీసు చుట్టూ తిరిగిన ప్రతి రోజూ కూలి పోయిన రోజే.

ఇంకో ప్రమాదం ఉంది. గడువు తీరిన ఎల్‌ఎల్‌ఆర్‌తో రోడ్డెక్కితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. 2019 సవరణ తర్వాత దానికి జరిమానా 5,000 రూపాయలు. కాబట్టి బుద్ధిమంతుడైనవాడు బండి ఆపేస్తాడు. నెలన్నర, రెండు నెలలు స్టీరింగ్ ముట్టకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. క్లచ్ మీద కాలు మొదటికొస్తుంది, ఎత్తు మీద హాఫ్ క్లచ్‌లో బండి నిలపలేడు, వెనక్కి జారిపోతుందని వణికిపోతాడు. అలాంటివాడు కొత్త ఎల్‌ఎల్‌ఆర్‌తో మళ్లీ ట్రాకెక్కితే ఫెయిలవుతాడు. కౌంటర్ మూసేసి, టికెట్ లేదని ప్లాట్‌ఫాం మీద జరిమానా రాసినట్టుంది ఇదంతా.

మీరు అనుకోవచ్చు, ఈ మాస్టరుకు ఇందులో ఏదో లాభం ఉందని. నిజం చెప్పాలంటే ఇప్పుడున్న పద్ధతే మాకు లాభం. గడువు పోయినవాడు ఎక్కడికి పోతాడు? మళ్లీ మా దగ్గరికే వచ్చి రిఫ్రెషర్ అని నాలుగు క్లాసులు తీసుకుంటాడు, టెస్టు రోజు మా బండే అద్దెకు తీసుకుంటాడు. ఏజెంట్లకూ లాభమే. "గడువు దగ్గర పడింది కదా, నేను చూసుకుంటాలే" అన్న మాటకు ధర పలికేది గడువు దగ్గర పడినప్పుడే. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషి బేరమాడడు.

గడువు ఎందుకు పెట్టారో నాకు అర్థం కాకపోలేదు. గడువే లేకపోతే ఎర్రటి 'ఎల్' అక్షరం తగిలించుకుని ఏళ్ల తరబడి తిరుగుతారు. లెర్నర్ పక్కన లైసెన్స్ ఉన్నవాళ్లు కూర్చోవాలన్న రూలును ఎంతమంది పాటిస్తున్నారో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని మీ మంత్రిత్వ శాఖ నివేదికే చెప్పింది. కాబట్టి టెస్టు సులువు చేయమని ఈ లేఖలో ఎక్కడా అడగడం లేదు. ఇంకా గట్టిగా పెట్టమనే అంటాను. కానీ గట్టిగా పెడితే క్యూ పెరుగుతుంది, అది గడువు మీద పడుతుంది. ఈ ముడి విప్పకుండా ఏ సంస్కరణ తెచ్చినా బెడిసికొడుతుంది.

కేరళలో అదే చూశాం. 2024లో అక్కడి రవాణా శాఖ టెస్టులను కట్టుదిట్టం చేస్తూ రోజుకు 30కి మించి పెట్టకూడదంది. గొడవ కావడంతో 40 దాకా సడలించింది. మే నెలలో డ్రైవింగ్ స్కూళ్లు టెస్టులనే బహిష్కరించాయి. తక్కువ మందికి, తీరిగ్గా టెస్టు పెట్టాలన్న ఆలోచన మంచిదేనని నేను మా వాళ్లతోనే వాదించాను. ఐదు గంటల్లో వందమందిని చూడాలంటే మనిషికి మూడు నిమిషాలు. రూల్ 15లో అద్దం సర్దుకోవడం దగ్గర్నుంచి ఓవర్‌టేక్ చేయడం, అత్యవసరంగా బండి ఆపడం దాకా అభ్యర్థి చేసి చూపించాల్సినవి పెద్ద జాబితా ఉంది. మూడు నిమిషాల్లో ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం అవన్నీ చూడగలడు? ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పించి, కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి తీయించి పంపేస్తాడు. అయితే టెస్టుల సంఖ్య తగ్గించే అధికారం రాష్ట్రం చేతిలో ఉంది, ఎల్‌ఎల్‌ఆర్ గడువు పెంచే అధికారం లేదు. అది కేంద్ర చట్టంలో ఉంది. ఒకరు క్యూ పెంచుతారు, గడువు పెంచాల్సింది ఇంకొకరు. మధ్యలో నలిగేది అభ్యర్థి.

గడువు సాగదీయడం మీకు చేతకాని పనేం కాదు. కరోనా వచ్చినప్పుడు 2020 ఫిబ్రవరి 1 తర్వాత గడువు తీరిన డ్రైవింగ్ లైసెన్సులు, పర్మిట్లు, ఫిట్‌నెస్ పత్రాలు చెల్లుతాయని ఆ మార్చి 30న సలహా ఉత్తర్వు ఇచ్చారు. దాన్ని పలుమార్లు పొడిగిస్తూ 2021 దాకా నడిపారు. ఆఫీసులు మూసి ఉన్నప్పుడు జనం తప్పు లేదని మీరే ఒప్పుకున్నారు కదా. ట్రాకు మూసినా, ఇన్‌స్పెక్టర్ సెలవు పెట్టినా, సర్వర్ డౌన్ అయినా జనం తప్పు లేదని ఒప్పుకోవడానికి ఇంకో మహమ్మారి రావాలా?

ఇంకొకటి. 2019 సవరణతో పర్మినెంట్ లైసెన్స్ ఉన్నవాళ్లకు పెద్ద వెసులుబాటు ఇచ్చారు. గడువుకు ఏడాది ముందు నుంచీ రెన్యువల్ చేయించుకోవచ్చు, తీరాక ఇంకో ఏడాది దాకా మళ్లీ టెస్టు లేకుండానే చేయించుకోవచ్చు. మంచి మార్పే. అప్పటికే లైసెన్స్ ఉండి, గుర్తులేక మరిచిపోయినవాడికి ఏడాది. ఏదీ మరవకుండా రోజూ ఫోన్‌లో స్లాట్లు వెతుక్కునే లెర్నర్‌కు ఒక్క రోజు కూడా లేదు!

బయటి దేశాల్లో ఎలా ఉందో చూద్దాం. అక్కడ అంతా బాగుందని నేననను. బ్రిటన్‌లో థియరీ, అంటే రోడ్డు రూళ్ల పరీక్ష, పాసైతే ఆ సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, ఆ లోపు రోడ్డు టెస్టు పాసవ్వాలి. కరోనా సమయంలో టెస్టులు ఆగిపోయి ఆ రెండేళ్లు దాటినవాళ్లు పొడిగించమని మొత్తుకున్నా అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు, రూళ్లు మరిచిపోతారు కాబట్టి మళ్లీ రాయాల్సిందేనంది. జర్మనీలో థియరీ పాసయ్యాక 12 నెలల్లో ప్రాక్టికల్ పూర్తిచేయాలి. మనకు దగ్గరి ఉదాహరణ ఇటలీ. అక్కడి లెర్నర్ పత్రానికి సరిగ్గా మనలాగే ఆరు నెలల గడువు ఉండేది. పరీక్షల క్యూ పెరిగిపోయిందని 2021లో దాన్ని 12 నెలలు చేశారు, రోడ్డు టెస్టుకు అవకాశాల్ని రెండు నుంచి మూడుకు పెంచారు. మనం ఏడాది చేసినా సంతోషమే. కానీ నేను అడుగుతున్నది అంతకంటే చిన్నది.

గడువు గురించి మాట్లాడుతూ ఇంకో గడువు గురించి చెప్పకుండా ఉండలేను. అది సెకన్లలో ఉంటుంది. ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటర్ ముందు రాసే పరీక్షలో చాలా రాష్ట్రాల్లో ప్రశ్నకు 30 సెకన్లు. ఆ లోపు నొక్కకపోతే ప్రశ్న వెళ్లిపోతుంది, వెనక్కి వెళ్లి చూసుకునే వీలుండదు. రోడ్డు గుర్తు చూపించి ఇదేమిటని అడిగితే 30 సెకన్లు ఎక్కువే. కానీ నాలుగు వరుసల ప్రశ్న, దాని కింద పొడవాటి జవాబులు ఉంటే, ఏడో తరగతితో చదువు ఆపేసి పాతికేళ్లు ట్రాక్టరు తోలినవాడు ఏం చేస్తాడు? అలాంటివాళ్లను పరీక్షకు తయారు చేసేది మేమే. నోటితో అడిగితే టకటకా చెబుతాడు. "అంబులెన్స్ వస్తే ఏం చేస్తావయ్యా?" అంటే "పక్కకు తీసి ఆపుతా" అంటాడు. తెర మీద అదే ప్రశ్నకు వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండో జవాబు దగ్గరికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. మీరు పరీక్షించింది అతని రోడ్డు జ్ఞానాన్నా, చదివే వేగాన్నా?

బ్రిటన్ థియరీలో 50 ప్రశ్నలకు కలిపి 57 నిమిషాలిస్తారు. తెలియనిదాన్ని గుర్తుపెట్టి వదిలేసి చివర్లో మళ్లీ చూసుకోవచ్చు. చదవడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు ముందుగా చెబితే అదనపు సమయం ఇస్తారు, ప్రశ్న చదివి వినిపించే ఏర్పాటూ ఉంది. మన దగ్గర 20 ప్రశ్నలకు 30 సెకన్ల చొప్పున ఎలాగూ పది నిమిషాలు ఇస్తున్నారు. ఆ పది నిమిషాల్నే ముక్కలు చేయకుండా ఒక్కసారిగా ఇవ్వండి చాలు. గుర్తుల ప్రశ్నల దగ్గర మిగిలిన సెకన్లు పొడుగు ప్రశ్నల దగ్గర అక్కరకొస్తాయి. దీనికి చట్టం మార్చక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ మారిస్తే సరిపోతుంది.

సెన్సార్ ట్రాకుల దగ్గరా ఇలాంటిదే. కొన్ని చోట్ల ఇంత సమయంలో ఎనిమిది వేయాలి, ఇంత సమయంలో పార్కింగ్ చేయాలి అని లెక్క. రివర్స్‌లో అనుమానమొస్తే ఆగు, రెండు అద్దాలూ చూడు, అవసరమైతే ముందుకు తీసి సరిచేసుకో అని మేము నేర్పుతాం. ట్రాకు మీద అలా ఆగినవాడు సమయం దాటి ఫెయిలవుతాడు, గీత తగలకుండా అదృష్టం మీద ఒక్క ఊపున లాగేసినవాడు పాసవుతాడు. రేపు ఇరుకు సందులో పిల్లలు ఆడుకుంటున్న చోట ఎవరు రివర్స్ చేస్తే బాగుంటుందో మీరే చెప్పండి. అయినా ఇది వేరే లేఖంత విషయం, ఇంతటితో ఆపుతాను.

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలున్నాయి కదా అంటారేమో. 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఆ పద్ధతిలో కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల్లో పూర్తిచేయాలి, అక్కడ పాసైతే మీ టెస్టు అక్కర్లేదు. ఆలోచన బాగుంది. అందులో 21 గంటల ప్రాక్టికల్ అంటే మామూలు స్కూళ్లలో దొరికేదానికంటే చాలా ఎక్కువ. కానీ అలాంటి కేంద్రానికి వెళ్లిరావడమే పూట పని అయినవాళ్లకు అది దారి కాదు. 2024లో జూన్ 1 నుంచి ఆర్టీఏ టెస్టులే ఉండవని వాట్సాప్‌లో పుకారు తిరిగితే, ఏమీ మారలేదని మీరే వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వారం మా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, క్లాసులు మానేసినవాళ్లూ ఉన్నారు. జనం ఆ టెస్టు నుంచి తప్పించుకోవడానికి ఎంత ఆశగా ఉన్నారో దాన్నిబట్టే తెలుసుకోండి.

ఇక నా విన్నపాలు. కేంద్రాన్ని అడిగేది: సెక్షన్ 14ను మళ్లీ సవరించే రోజు వచ్చినప్పుడు ఒక్క వాక్యం చేర్చండి. ఎల్‌ఎల్‌ఆర్ గడువులోపు డ్రైవింగ్ టెస్టుకు దరఖాస్తు చేసి రుసుము కట్టినవారికి, ఆ టెస్టు ఫలితం వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ చెల్లుతుంది. ఫెయిలైతే చట్టమే పెట్టిన ఏడు రోజులు, 60 రోజులు కూడా గడువులోంచి మినహాయించాలి. దీన్ని వాడుకుని ఊరికే సాగదీసేవాళ్లు ఉంటారన్న భయం ఉంటే, ఇచ్చిన స్లాటుకు కారణం లేకుండా రానివాళ్లకు ఈ వెసులుబాటు వర్తించదని రాయండి. మాకు అభ్యంతరం లేదు.

రాష్ట్రాలను అడిగేది అంతకంటే తేలిక, రేపే చేయగలిగింది. ప్రతి ఎల్‌ఎల్‌ఆర్ ఏ రోజు తీరిపోతుందో మీ కంప్యూటర్‌కు తెలుసు. ప్రతి ట్రాకు దగ్గర రోజూ కొన్ని స్లాట్లు, నెలలోపు గడువు తీరబోయే వాళ్లకే కనిపించేలా పక్కన పెట్టండి. వాళ్లు తీసుకోకపోతే ముందు రోజు సాయంత్రం అందరికీ తెరవండి. ట్రాకు మరమ్మతు వల్లో, అధికారి రాకపోవడం వల్లో టెస్టు రద్దయితే అభ్యర్థిని మళ్లీ క్యూ చివరికి పంపకండి, ఆ వారంలోనే తేదీ మీరే ఇవ్వండి. రద్దు చేసింది మీరేనని ఒక కాగితమో మెసేజో ఇవ్వండి. ఇప్పుడు ఆ రుజువు కూడా ఉండదు. అభ్యర్థి రాలేదన్నట్టే రికార్డులో పడితే తర్వాత ఎవరికి చెప్పుకోవాలి?

స్లాటు బుక్ చేసేటప్పుడు తెర మీద ఒక వరుస కూడా కనబడాలి: "మీ ఎల్‌ఎల్‌ఆర్ ఫలానా తేదీన తీరుతుంది, మీరు ఎంచుకున్న టెస్టు తేదీ దానికి తర్వాత ఉంది." చాలామందికి ఈ సంగతి ట్రాకు దగ్గర, కాగితాలు చూసే కౌంటర్లో తెలుస్తోంది. అప్పటికే సెలవు పెట్టి, మా బండి మాట్లాడుకుని, పొద్దున్నే వచ్చి నిలబడి ఉంటారు.

సమాధానం రాయాలనుకుంటే నాకు రాయనక్కర్లేదు. మీ ఆఫీసు నోటీసు బోర్డు మీద, వెబ్‌సైట్‌లో పెట్టండి. నర్సు గారి కొత్త ఎల్‌ఎల్‌ఆర్‌కు 30 రోజులు ఇంకా నిండలేదు, ఆమె కూడా చూసుకుంటుంది.

ఇట్లు,
కారు నడపడం నేర్పే ఒక మాస్టర్